పసుపు గీతయు, ఆకాశపు అలయు

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కృష్ణా తీరముమీదుగా సాగిపోయెను. దానిని చూచుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సన్ కొల్లేటికి దక్షిణముననున్న మచిలీపట్నమున దూరదర్శినిని నిలిపెను. సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగులో ఒక పసుపుపచ్చని గీత కనబడెను. అది సోడియం గీతయేయని పలువురు తలచిరి. ఇంగ్లండులో లాకియర్ మాత్రము అది భూమిపై ఎవరును ఎరుగని మూలకమునకు చెందినదని వాదించెను. రసాయనజ్ఞులు ఒప్పుకొనలేదు. ఒక్క గీతను నమ్మి మూలకమునకు పేరు పెట్టుటయా? వారి సందేహము న్యాయమైనదే. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజమునుండి వెలువడిన వాయువులో ఆ గీతనే చూచువరకు, అనగా ఇరువదియేడేండ్లు, హీలియం అనుమానముననే యుండెను.

గురుత్వాకర్షణ తరంగముల కథయు ఇట్టిదే. కొల్లేటి నడుమ తాటిదోనె కదలినచో అల ఒడ్డు చేరును. ఆకివీడు వైపు వానికి మాత్రమే అల కనబడినచో అది గాలి పని యనవచ్చును. ఏలూరు వైపు వానికిని తగిన కాలమునకే కనబడినచో ఆలోచింపవలసినదే. అమెరికాలో వెబర్ ఈ యుక్తితోనే వేయి కిలోమీటర్ల ఎడమున అల్యూమినియం దిమ్మెలను వ్రేలాడదీసి, రెండును ఒకేసారి కంపించుచున్నవని 1969లో ప్రకటించెను. ఇతరులు కట్టిన పరికరములలో ఏమియు కనబడలేదు. వెబర్ తన లెక్కలను రాచెస్టరువారి లెక్కలతో పోల్చి, అందును ఏకకాల కంపనములున్నవనెను. తీరా చూడగా ఒకరు గ్రీనిచి కాలమును, వేరొకరు స్థానిక కాలమును వ్రాసికొనిరి! ఒకే క్షణమనుకొన్నవి నిజమునకు నాలుగు గంటల ఎడముగలవి. ఈ ముచ్చట తరగతిలో చెప్పదగినది.

2015 సెప్టెంబరు 14న లైగోవారి రెండు పరికరములు, సెకనులో వేయింట ఏడు వంతుల తేడాతో, ఒకే అలను పట్టినవి. రెండు కృష్ణబిలములు కలిసిపోవుటవలన పుట్టిన అల యది. 0.4 సెకను పిమ్మట ఫెర్మి ఉపగ్రహము బలహీనమైన గామా వెలుగును చూచినట్లు దాని శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఇంటెగ్రల్ ఉపగ్రహమునకు ఏమియు కనబడలేదు. ఆ వెలుగును ఈనాటికిని పలువురు నమ్మరు. అలమీదనే కోపెన్‌హాగెన్ పరిశోధకులు కొందరు 2017లో శంక లేవదీసిరి. అది చప్పుడును సరిగా వేరుచేయకపోవుట కాదా యని వారి ప్రశ్న. ఇతరులు లెక్కలు మరల కట్టి అల నిజమేయనిరి.

ఆ సంవత్సరమే ఆగస్టు 17న సాక్ష్యము దొరికెను. రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఢీకొన్న అల వచ్చిన 1.7 సెకన్లకు గామా వెలుగు వచ్చెను. ఈసారి ఫెర్మియు, ఇంటెగ్రలును రెండును చూచినవి. పదకొండు గంటలలో, 13 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున, ఒక గెలాక్సీ ప్రక్కన క్రొత్త చుక్క కనబడెను. మొదట నీలముగానుండి కొన్ని దినములలో అది ఎరుపెక్కెను.

2019 ఏప్రిల్‌లో అట్టి అలయే మరల వచ్చినది కాని, ఆకాశములో ఇంచుమించు అయిదవ వంతు వెదకవలసివచ్చినందున వెలుగు దొరకలేదు. చోటును ఇంకను బిగించి చెప్పుటకు దూరముననున్న మరియొక పరికరము కావలెను. అట్టిదానిని మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో కట్టుటకు భారత ప్రభుత్వము 2023లో అనుమతించినది.