బ్యాటరీ రేడియోల పొదుపు చరిత్ర

విద్యుత్తు తీగలు రాని గ్రామములలో రేడియో కొనుట ఒక ఖర్చు, దానిని పలికించుట మరియొక ఖర్చు. మొదటిది ఒకమాటుతో తీరును. రెండవది బ్యాటరీ రూపమున మరల మరల వచ్చుచునే యుండెను. అందువలన వాల్వు రేడియోల కాలమున వార్తలకు, ఒకటి రెండు కార్యక్రమములకు మాత్రమే యంత్రమును తెరచి, వెంటనే కట్టివేయుట తెలివైన పని. బ్యాటరీ ఎక్కువ దినములు వచ్చునని శబ్దమును తగ్గించి వినుట మాత్రము చాల యంత్రములలో వ్యర్థప్రయాసమే. ఏలనన, నాటి బ్యాటరీలోని శక్తి అధికభాగము మనము విన్న మాటకు ఖర్చు కాలేదు. మాట లేనప్పుడును సమానముగా ఖర్చగుచుండెను. ఈ మౌనపు ఖర్చును తగ్గించుటయే బ్యాటరీ రేడియోల చరిత్రలోని ముఖ్యకథ యని మేము తలంచుచున్నాము.

వాల్వు పనిచేయవలెనన్న దానిలోని ఫిలమెంటు అను సన్నని తీగె వేడెక్కవలెను. వేడెక్కిన తీగెనుండియే ఎలక్ట్రానులు వెలువడును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సు, బ్రిటనులలో వాడిన వాల్వుల ఫిలమెంటు 4 వోల్టుల వద్ద సుమారు 0.7 ఆంపియరు తీసికొనెడిది. అనగా ఒక్కొక్క వాల్వును వేడిచేయుటకే దాదాపు 3 వాట్లు! అమెరికావారి యు.వి.-201 వాల్వునకు 5 వోల్టుల వద్ద 1 ఆంపియరు కావలెను. అట్టివి ఐదున్న యంత్రమునకు 25 వాట్లు పోయవలసి వచ్చెను. చెవికి తగిలించుకొను ఫోనులో పలుకు శబ్దమునకు కావలసినది వాటులో వేయవ వంతైనను కాదు. తక్కినదంతయు తీగె కాగుటకే. ఆమ్లము నిండిన బరువైన బ్యాటరీని ఛార్జింగునకు మోసికొనిపోవు శ్రమ దీనికి అదనము.

స్వచ్ఛమైన టంగ్‌స్టను తీగె 2000 డిగ్రీలకు మించి తెల్లగా కాగినగాని ఎలక్ట్రానులను తగినంత ఈయదు. ఆ తీగెలో కొలదిగా థోరియము కలిపినచో అంతకంటె తక్కువ వేడికే పని జరుగునని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ పరిశోధనలు చూపినవి. దాని ఫలితముగా 1920ల తొలినాళ్లలో వచ్చిన యు.వి.-201-ఎ పావు ఆంపియరుతోనే తృప్తిపడెను. యు.వి.-199 అనునది 3 వోల్టుల వద్ద 60 మిల్లీఆంపియర్లతో నడచుటచే, ఆమ్లపు బ్యాటరీ బదులు పొడి సెల్లులతోనే రేడియో వినుట సాధ్యమయ్యెను. బేరియము, స్ట్రాన్షియము ఆక్సైడుల పూత పూసిన తీగె ఇంకను మేలు. మందమైన ఎరుపు వేడి దానికి చాలును. ఈ గుణమును జర్మనీలో వేనెల్టు 1904 నాటికే కనుగొనియుండెను. 1938-39 నాటికి అట్టి పూతతో 1.4 వోల్టుల, 50 మిల్లీఆంపియర్ల వాల్వులు వచ్చినవి. అది 0.07 వాటు, యుద్ధకాలపు వాల్వుతో పోల్చిన నలువదవ వంతు!

తీగె వేడి తగ్గినను రెండవ దుబారా మిగిలెను. స్పీకరును పలికించు చివరి వాల్వు, స్టేషను మౌనముగా నున్నను, పెద్ద బ్యాటరీనుండి ఒకే రీతిగా కరెంటు తీసికొనుచుండెను. మడికి నీరు కావలసినను కాకున్నను ఏతమెత్తుచున్నట్లన్నమాట. 1931లో ఆర్.సి.ఎ. సంస్థకు చెందిన లాయ్ బార్టన్ ‘క్లాస్ బి’ పద్ధతిని రేడియో యంత్రములకు అనువుగా వివరించెను. 1932-33లలో బ్రిటనులోని బ్యాటరీ రేడియోలు దానిని, దానివంటి పద్ధతులను చేపట్టెను. ఇందులో శబ్దతరంగపు ఒక సగమును ఒకటి, రెండవ సగమును మరియొకటి మోయును. మాట లేనప్పుడు రెండును దాదాపు విశ్రమించును. శబ్దము తగ్గించి వినువారికి నిజమైన లాభము ఇట్టి యంత్రములలోనే. అయితే విశ్రాంతి కరెంటును మరీ బిగబట్టినచో రెండు సగములు సరిగా అతుకక, మెల్లగా పలికిన మాటలు గరగరలాడును. లోభితనమునకును హద్దు కలదు.

ఇంత పొదుపు తరువాతను బీదవారికి బ్యాటరీ భారమే. నేడు జాంబియా యనబడు ఉత్తర రొడీషియాలో హ్యారీ ఫ్రాంక్లిన్ పూనికపై ఎవర్ రెడీ సంస్థ 1949లో గిన్నె ఆకారపు అల్యూమినియము పెట్టెలో ఒక వాల్వు రేడియో చేసెను. దాని వెల 5 పౌనులు, బ్యాటరీ వెల 25 షిల్లింగులు. అనగా యంత్రపు ధరలో నాలుగవ వంతు. ఆ బ్యాటరీ సుమారు 300 గంటలు వచ్చెడిది. దినమునకు రెండు గంటలు విన్నవారు ఐదు నెలలకొకసారి ఆ మొత్తమును కూడబెట్టవలెను.

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరునకు ఫిలమెంటే లేదు. 1954లో వెలువడిన రీజెన్సీ టి.ఆర్.-1 నాలుగు ట్రాన్సిస్టర్లతో, 22.5 వోల్టుల బ్యాటరీనుండి సుమారు 4 మిల్లీఆంపియర్లు మాత్రమే తీసికొనెను. మొత్తము యంత్రమునకు 0.09 వాటు, పైని చెప్పిన చిన్న వాల్వులో ఒక్క ఫిలమెంటు ఖర్చుకంటె కొంచెమే హెచ్చు! ఆ తరువాతి రేడియోలు చివర రెండు ట్రాన్సిస్టర్లతో క్లాస్ బి పద్ధతిని చేర్చి, టార్చిలైటు సెల్లులతోనే నెలల తరబడి పలికినవి.

జర్మేనియము ట్రాన్సిస్టర్లకు మాత్రము మన వేసవి గిట్టదు. సుమారు 10 డిగ్రీలకొకసారి వానిలో వృథాగా కారు కరెంటు రెట్టింపగును. వేడికి తన నిరోధమును తగ్గించుకొను థర్మిస్టరును చేర్చి విశ్రాంతి కరెంటును అదుపులో ఉంచిరి. సిలికాను ట్రాన్సిస్టర్లు వచ్చిన పిదప ఆ బాధ చాలవరకు తగ్గెను. కొన్ని బ్యాటరీ రేడియోలలో అంకెలపలకకు దీపముండినను, మీట నొక్కినంతసేపే అది వెలుగునట్లు అమర్చిరి. మెల్లగా పాడుచున్న ట్రాన్సిస్టరు రేడియో మొత్తముకంటె ఆ చిన్న దీపమే హెచ్చు కరెంటు తీసికొనును.