ఒకే బ్యాండ్, రెండు ఊళ్లు, ఒక బారికేడ్

మెటాలికా 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. మన దేశంలో వాళ్ల షో కోసం ఫ్యాన్స్ 30 ఏళ్లు ఆగారు. 2011 అక్టోబర్ 28, గుర్‌గావ్. గ్రౌండ్ నిండా జనం, గంటల తరబడి వెయిటింగ్. స్టేజ్ ముందు బారికేడ్ తట్టుకోలేకపోయింది. సేఫ్టీ లేదని షో వాయిదా వేశారు. కొందరు కోపంతో స్టేజ్ ఎక్కి సామాన్లు పగలగొట్టారు. చివరికి షో రద్దయింది.

మెటల్ ఫ్యాన్స్ అంటేనే రౌడీలు అనేయడం ఈజీ. మరి రెండు రోజులకే, అక్టోబర్ 30న, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో? అదే బ్యాండ్, అదే పిచ్చి. షో మాత్రం జరిగింది.

అసలు స్టేజ్ బారికేడ్ ఎలా పనిచేస్తుందో తెలుసా? దాని అడుగున ఒక ప్లేట్ జనం వైపుకి చాచి ఉంటుంది. ముందు వరసవాళ్లు దాని మీదే నిలబడతారు. వెనకనుంచి ఎంత తోసినా, వాళ్ల బరువే దాన్ని నిలబెడుతుంది. బారికేడ్‌కీ స్టేజ్‌కీ మధ్య ఖాళీ ఉంటుంది. ఊపిరాడనివాళ్లని సెక్యూరిటీ అటువైపుకి లాగేస్తారు.

అంటే బారికేడ్ ఉన్నది ఫ్యాన్స్‌ని ఆపడానికే కాదు, కాపాడడానికి కూడా. అభిమానం తగ్గించుకోమని ఎవర్నీ అడగక్కర్లేదు. దానికి సరిపడా ఏర్పాటు చేయడం ఆర్గనైజర్ల పని. ఈసారి కాన్సర్ట్‌కి వెళ్తే, ఒక్కసారి కాళ్ల కిందికి కూడా చూడండి.