అగ్గువ కంప్యూటర్, మన అక్షరం

మా దగ్గర ఒక చిన్న కంప్యూటర్ ఉంది. పది అంగుళాల స్క్రీన్, కిలోకు కొంచెం ఎక్కువ బరువు. దీన్ని నెట్‌బుక్ అంటారు. నలుగురం తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. బ్యాటరీ ఎప్పుడో పోయింది. కరెంటు పోతే అదీ ఆరిపోతుంది. ఒక మూల మీట గట్టిగా నొక్కితే తప్ప పడదు. అయినా గూడెంలో పెద్దల దగ్గర కూర్చుని మేము రాసుకున్న గోండి మాటలు, కథలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఇంత అగ్గువ యంత్రం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి పేరు చెప్పి చేశారు, అందులో మన వాటా ఎంత అని వెతుకుతూ పోతే ఒక చరిత్రే బయటపడింది. దాన్ని మన యువకుల కోసం, మన బడుల్లో చెప్పే సార్లు, మేడమ్‌ల కోసం రాస్తున్నాం.

మొదట ఆ ఆలోచన పిల్లల కోసమే పుట్టింది. అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసిన అలన్ కే 1972లో ఒక వ్యాసం రాశాడు. నోటుబుక్కు అంత కంప్యూటర్, పిల్లలు చంకలో పెట్టుకుని తిరిగేది, ధర 500 డాలర్ల లోపు ఉండాలన్నాడు. దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. అప్పటికి అది బొమ్మ గీసుకోవడానికే తప్ప తయారు చేయడానికి వీల్లేదు. 1983లో రేడియో షాక్ కంపెనీ అమ్మిన మోడల్ 100 కొంత దగ్గరికి వచ్చింది. స్క్రీన్ మీద ఎనిమిది వరుసలే పట్టేవి. కాని నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే దాదాపు 20 గంటలు నడిచేది. ఊళ్లు తిరిగే విలేకరులు దాన్ని బాగా వాడారు. నాలుగు సెల్స్‌తో నడిచే కంప్యూటర్ అంటే మన గూడేలకు ఎంత సరిపోయేదో! అయితే దాని ధర మాత్రం చాలా ఎక్కువ. అది మన కోసం చేసింది కాదు.

మన దేశంలో మన కోసమని చెప్పి చేసింది సింప్యూటర్. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యాపకులు, ఎంకోర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి దీన్ని రూపొందించారు. అరచేతిలో పట్టేది. చదువు రాని మనిషికి కూడా పనికి రావాలని, రాసింది మన భాషల్లో పైకి చదివి వినిపించే ఏర్పాటు పెట్టారు. ఇంటికొకటి కొనలేరు కాబట్టి ఊరికి ఒకటి ఉంటే చాలు, ఎవరి కార్డు వాళ్లు పెట్టి వాడుకోవచ్చు అన్నారు. పంచుకుని వాడుకోవాలనే ఆ ఆలోచన మాకు ఇప్పటికీ నచ్చుతుంది. మన గూడెం పద్ధతి కూడా అదే కదా! 2004లో అది మార్కెట్‌లోకి వచ్చేసరికి ధర పదివేల దగ్గరికి చేరింది. అమ్ముడైనవి కొన్ని వేలే. అంతలో సెల్‌ఫోన్ వచ్చి దాని చోటు ఆక్రమించింది.

తర్వాత వచ్చింది పెద్ద సందడి. నికొలస్ నెగ్రోపాంటే అనే ఆయన 2005లో పేద దేశాల పిల్లలందరికీ వంద డాలర్ల ల్యాప్‌టాప్ ఇస్తామని ప్రకటించాడు. ఆ ఏడాది నవంబరులో ట్యునీసియాలో ఐక్యరాజ్య సమితి సభలో నమూనా చూపించారు. కరెంటు లేనిచోట తిప్పుకోవడానికి పక్కన ఒక పిడి పెట్టారు. సభలోనే కోఫీ అన్నన్ తిప్పుతుంటే అది ఊడి చేతికి వచ్చింది. చివరికి తయారైన యంత్రానికి ఆ పిడి లేనే లేదు. ధర కూడా వంద కాదు, 200 డాలర్ల దగ్గర ఆగింది.

యంత్రాన్ని మాత్రం తప్పు పట్టలేం. ఎక్స్‌ఓ అని పేరు. ఎర్రటి ఎండలో కూడా స్క్రీన్ చదవొచ్చు. మీటలు దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా రబ్బరు పొరతో కప్పి ఉంటాయి. చుట్టూ ఉన్న యంత్రాలు ఇంటర్నెట్ లేకపోయినా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. చెట్టు కింద బడిని తలచుకుని చేసిన వస్తువు అది. మన కేంద్ర మానవ వనరుల శాఖ 2006లోనే దాన్ని వద్దంది. పిల్లల చదువుకు ఇది మేలు చేస్తుందనే నమ్మకం లేదు, ముందు గదులు, టీచర్లు కావాలి అని కారణం చెప్పింది. మహారాష్ట్ర రాయగఢ్ జిల్లాలో ఖైరాత్ అనే చిన్న ఊళ్లో, ఒకే టీచరు ఉన్న బడిలో, 2007లో ప్రయోగంగా కొన్ని ఇచ్చారు. అంతకు మించి మన దేశంలో పెద్దగా సాగలేదు.

పెరూ దేశం మాత్రం ఎనిమిది లక్షలకు పైగా కొన్నది. అక్కడి ఆండీస్ కొండల్లో కెచువా, ఐమారా మాట్లాడే ఆదివాసులు ఉంటారు. కొండ మీద ఊరు, దూరంలో బడి, బడిలో ఇంటి భాష కాని భాష. వాళ్ల కథ మన కథ లాగే ఉంటుంది. అక్కడ 319 పల్లె బడులను పరిశీలించిన అధ్యయనం 2012లో వచ్చింది. లెక్కల్లో గాని భాషలో గాని మార్కులు పెరగలేదు. కాకపోతే ఆలోచించే చురుకుదనంలో కొంత మంచి మార్పు కనిపించింది. ఆ బడుల్లో దాదాపు ఎక్కడా ఇంటర్నెట్ లేదు. చాలామంది పిల్లలు యంత్రాన్ని ఇంటికి తీసుకెళ్లనే లేదు. ఉరుగ్వే కొంత నయం. 2007లో ఒక చిన్న ఊరితో మొదలుపెట్టి 2009 కల్లా ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలందరికీ ఇచ్చింది. బాగు చేసేవాళ్లను ఊళ్లకే పంపింది.

పెరూ సంగతి చదివినప్పుడు మాకు మా ఆశ్రమ బడి గుర్తొచ్చింది. పేరెందుకు గాని, అక్కడ కంప్యూటర్ గదికి ఎప్పుడూ తాళమే. పాడైతే ఎవరు బదులు చెప్పాలని భయం. పాడు కాకుండానే అవి పాతబడిపోయాయి. సారును తప్పు పట్టాలని ఈ మాట చెప్పడం లేదు. బాగు చేసే మనిషిని ఇవ్వకుండా వస్తువును మాత్రం లెక్క రాసి ఇస్తే ఏ సారైనా తాళమే వేస్తాడు.

ఎక్స్‌ఓ పిల్లలకు చేరిందో లేదో గాని, చిన్న యంత్రానికి గిరాకీ ఉందని కంపెనీలకు తెలిసింది. 2007 అక్టోబరులో ఆసూస్ కంపెనీ ఏడు అంగుళాల ఈ-పీసీ తెచ్చింది. బరువు కిలో లోపే. ఏడాది తిరిగేసరికి అందరూ అలాంటివే చేశారు. టాబ్లెట్లు వచ్చాక 2013 కల్లా ఆ మోజు తీరిపోయింది. మా నెట్‌బుక్ ఆ ఐదేళ్ల సంతలో మిగిలిన సరుకే.

ఎక్స్‌ఓను వద్దన్న కేంద్ర శాఖే తర్వాత తానూ పందెంలోకి దిగింది. 2009 ఫిబ్రవరిలో తిరుపతిలో ఒక సభ జరిగింది. పది డాలర్ల ల్యాప్‌టాప్ వస్తోందని ప్రపంచమంతా వార్తలు. పెట్టె తెరిస్తే అది కంప్యూటర్ కాదు, పాఠాలు దాచుకునే డబ్బా మాత్రమే. 2011 అక్టోబరులో ఆకాశ్ టాబ్లెట్ వచ్చింది. ప్రభుత్వానికి పడిన ధర 2,300 రూపాయల లోపు. హైదరాబాద్‌లోనే బిగించారు. వేలు గట్టిగా నొక్కితే గాని స్క్రీన్ కదలదు, బ్యాటరీ రెండు మూడు గంటలే. పేరు ఆకాశమంత, పని గుప్పెడంత అని అప్పట్లో నవ్వుకున్నాం.

ఇన్నేళ్లూ అందరూ ధర గురించే మాట్లాడారు. వంద డాలర్లా, ముప్పై అయిదా, పదా అని. ఆ యంత్రం ఎవరి అక్షరం చూపిస్తుందని అడిగినవాళ్లు తక్కువ. మన ప్రాంతంలో ఆ ప్రశ్న కంప్యూటర్ కంటే చాలా ముందే పుట్టింది. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పెట్టించిన బడిలో గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. తర్వాత చదువు తెలుగులోకి మారిపోయింది. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో పుస్తకాలు వచ్చాయి గాని అవన్నీ తెలుగు లిపిలోనే.

కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబర్ల పట్టిక పేరు యూనికోడ్. పట్టికలో లేని అక్షరం ఎంత ఖరీదైన యంత్రంలోనూ సరిగా పడదు, ఒకరు పంపింది ఇంకొకరికి కనబడదు. 1991లో మొదటి పట్టికలోనే తెలుగుకు చోటు దొరికింది. సంతాలీల ఓల్ చికికి 2008లో, సవరల కోసం మంగయి గొమాంగో 1936లో చేసిన లిపికి 2012లో దొరికింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో ఎక్కింది. ఆ ప్రతులను వెలుగులోకి తెచ్చింది హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జయధీర్ తిరుమలరావు గారి బృందం. అంటే తెలుగుకూ గుంజాల లిపికీ మధ్య 27 ఏళ్ల తేడా. 2007లో ఎక్స్‌ఓను, 2011లో ఆకాశ్‌ను గూడేనికి ఉచితంగా పంచినా మన అక్షరం వాటిలో పడే దారే లేదు. దారి దొరికేసరికి అగ్గువ యంత్రాలు పాత సామాన్ల దుకాణానికి చేరాయి.

మాది అక్కడి నుంచి వచ్చిందే. మొదటిసారి గుంజాల లిపిలో ఉన్న ఒక ఫైలు తెరిస్తే స్క్రీన్ నిండా గళ్లే కనిపించాయి. పక్కన కూర్చున్న తాత వంగి చూసి, "ఇవేందిరా, అన్నీ ఖాళీ డబ్బాలే?" అన్నాడు. నోటో అనే ఉచిత ఫాంటు వేసుకున్నాక అదే ఫైలులో అక్షరాలు కనిపించాయి. తాత చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక అక్షరం మీద వేలు పెట్టి, దీన్ని ఇంకొంచెం పెద్దగా చెయ్యమన్నాడు.

ఇప్పుడు ఆ నెట్‌బుక్‌లో సగం వెబ్‌సైట్లు తెరుచుకోవు. లినక్స్ వేసుకుని టైపు పనికే వాడుతున్నాం. రిపేరు చేసే అబ్బాయి దాన్ని చూసిన ప్రతిసారీ పారేయండన్నా అంటాడు. ఈ వానలు మొదలయ్యేలోపు కథలన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి ఒకటి బడిలో, ఒకటి పటేల్ ఇంట్లో పెట్టాలని అనుకున్నాం. బడిలో సారు సరేనన్నారు. పటేల్ కూడా ఒప్పుకున్నాడు గాని, పెన్‌డ్రైవ్‌తో పాటు కాగితం మీద అచ్చు తీసి కూడా ఇవ్వాలన్నాడు.