నేల ఉసిరి గుణాలు: పదపదానికీ వ్యాఖ్య

మార్టూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో వానలు పడగానే మిరప, పత్తి సాళ్ల మధ్య కలుపుగా లేచే జానెడు మొక్క నేల ఉసిరి. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు ‘భావప్రకాశం’లో భూమ్యామలకి పేరిట దీని గుణాలు చెప్పాడు. ఆ పదాల్లో ముఖ్యమైనవాటికి ఇది వివరణ.

బహుఫల: రెమ్మను తిరగేసి చూడండి. ఆకుల కింద వరసగా ఆవగింజను మించిన పచ్చని కాయలు వేలాడుతుంటాయి. అవి నున్నగా ఉండాలి. కాడ ఎర్రబారి, కాయ గరుకుగా తగిలితే అది దీని దాయాది మొక్క.

తిక్త, కషాయ: చేదు, వగరు. వగరు టానిన్లది. ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ అనే లిగ్నాన్లు కూడా ఆకులో ఉన్నాయి.

హిమ: చలువ చేసేది. దాహానికీ, పిత్తానికీ వాడమన్నది ఇందుకే. మూత్రంలో మంటకు ఊళ్లలో ఈ పసరు మజ్జిగలో కలిపి ఇచ్చేదీ ఇందుకే.

పాండు: ఒళ్లు పాలిపోయే జబ్బు. పాండురోగి పిత్తం పెంచే తిండి తింటే కామెర్లు వస్తాయని చరకుడి మాట. నేల ఉసిరికి ఊళ్లో ఉన్న పేరంతా ఈ కామెర్ల మందుగానే. మొక్కను వేళ్లతో సహా నూరి, పరగడుపున మజ్జిగలో తాగించి, నూనె మాన్పించి పథ్యం పెడతారు. అయితే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. ‘బి’ సంగతి వేరు. ఆ వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్, మద్రాసు పరిశోధకులతో కలిసి ఈ మొక్క పొడిని పరీక్షించాడు. 1988లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితం: పొడి తిన్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయింది, ఉత్తుత్తి మందు తిన్న 23 మందిలో ఒక్కరికే. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు.

వాతకృత్: వాతం చేసేది. పసరు ఇచ్చేవాళ్లు చెప్పకుండా దాటేసే పదం ఇదే. మంచితో పాటు చెడునూ శాస్త్రం రాసిపెట్టింది. ఇప్పటి లెక్కలో షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లూ, గర్భిణులూ డాక్టరునడగకుండా దీని జోలికి పోకూడదు. పురుగుమందు కొట్టిన మిరపచేలో పీకిన మొక్క ఎవరికీ పనికిరాదు. కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష. పసరు మాట ఆ తర్వాతే.