తొండియార్‌పేట ఒడ్డు

చెన్నపట్నంలో తెలుగువారి చరిత్ర అనగానే మన ఉగాది సంచికల్లో సాధారణంగా కనబడేవారు జార్జిటౌను వర్తకులు, పత్రికాధిపతులు, చలనచిత్రాల వారు, సత్రాలు కట్టించిన ధర్మాత్ములు. వారిని గురించి వ్రాయదగినది ఎంతైనా ఉన్నది, వ్రాసినవారూ పలువురు ఉన్నారు. పట్నానికి ఉత్తరపు కొసన, కడలికీ కాలువకూ నడుమ ఇరుకున పడి ఉన్న తొండియార్‌పేటను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. కావున ఈసారి ఆ ఒడ్డును గురించి నాలుగు మాటలు.

పేరులోనే రేవు వాసన ఉన్నది. రామనాథపురం తీరాన తొండి అనే పాత రేవుపట్నం కలదు. ఆ ప్రాంతంనుండి వచ్చి ఇక్కడ నివసించి, 1838లో కన్నుమూసిన సూఫీ కవి కుణంగుడి మస్తాన్ సాహెబును జనం 'తొండియార్' అనేవారట. ఆయన పేరే పేటకు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. ఆయన దర్గా నేటికీ ఇక్కడనే ఉన్నది.

మనవారి సంగతికి వస్తే, ఈ ఉత్తరపు పేటలన్నీ కుంపిణీ వారి బట్టల వ్యాపారంతో పెరిగినవి. తిరువొత్తియూరు దగ్గరి కాలాడిపేట 1717-20 మధ్య గవర్నరుగా ఉన్న కాలెట్ దొర నేతవారి కోసం వేయించినది. 'కాలెట్ పేట' జనం నోట కాలాడిపేట అయింది. చాకలిపేటలో కుంపిణీ బట్టలు చలువ చేసేవారు. దేవాంగ కుటుంబంలో పుట్టి, పట్నపు కార్పొరేషనుకు అధ్యక్షుడైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు ఈ పేటల మనిషే. నేతవారు కాక, కాలువ వెంబడి వచ్చినవారు వేరే. 1806లో ఎన్నూరు వరకు త్రవ్విన కాక్రేన్ కాలువ క్రమంగా ఉత్తరానికి సాగి పెదగంజాం చేరింది. 1877-78 నాటి కరువులో పనిలేని ప్రజలచేత పట్నంలోపలి ముక్కను త్రవ్వించి, మొత్తానికి బకింగ్‌హాం గవర్నరు పేరు పెట్టారు. నెల్లూరు సీమ నుండి రైలుదారి రాకముందు కట్టెలు, ఉప్పు, ధాన్యం, వాటితో పాటు మనుషులు కూడ ఈ నీటిదారినే వచ్చారు. సముద్రపు పనికి అలవాటు పడ్డవారికి భాష పెద్ద అడ్డు కాలేదు. నెల్లూరు తీరపు పట్టపువారు ఇంట్లో తమిళం కలిసిన మాటే మాట్లాడతారు గదా!

ఇక ఒడ్డు కథ. 19వ శతాబ్దంలో చాలాకాలం చెన్నపట్నానికి రేవే లేదు. ఓడలు దూరాన లంగరు వేసుకునేవి. సరుకునూ మనుషులనూ అలలు దాటించి తెచ్చేది మసూలా పడవ. దానికి మేకు అన్నది ఉండదు. పలకలను కొబ్బరినారతో కుట్టేవారు. కొట్టిన చోటల్లా కాస్త సాగి, వంగి, అల దెబ్బను ఓర్చుకోవాలంటే అదే ఉపాయం. ఆ పేరులో మన మచిలీపట్నం ఉన్నదని కొందరు, చేప అనే మాట ఉన్నదని కొందరు వాదిస్తారు. తేల్చడం నా పని కాదు. ఆ పడవలు నడిపినవారు రాయపురంలో సెయింట్ పీటర్ పేరిట గుడి కట్టుకున్నారు. చేపలవేటకు మాత్రం తెప్పలే.

దొరలకు ఈ అలల బాధ పడలేదు. 1875 డిసెంబరులో వేల్సు యువరాజు చేతులమీదుగా రేవుకు శంకుస్థాపన జరిగింది. సముద్రంలోకి రెండు రాతిగోడలు చాచారు. 1881 నవంబరు తుఫాను వాటిని పగులగొట్టింది, మళ్ళీ కట్టారు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో రేవు పెద్దగా వచ్చిన స్ప్రింగ్ దొర తూర్పు ముఖద్వారాన్ని మూయించి ఈశాన్యాన తెరిపించాడు. దీనికి కారణం ఇసుక.

ఇది కొంచెం నిదానంగా చెప్పుకోవలసిన సంగతి. మన తూర్పుతీరాన ఇసుక ఊరకే పడి ఉండదు, నడుస్తుంది. నైరుతి గాలి వీచే నెలల్లో అలలు ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్యపు గాలి కాలంలో కొంత వెనక్కు తెస్తాయి. ఏడాది లెక్క చూస్తే ఉత్తరానికి పోయినదే ఎక్కువ. ఒకచోట ఒడ్డు నిలిచి ఉన్నదంటే పోయినంత ఇసుక దక్షిణంనుండి వచ్చి చేరుతున్నదన్నమాట. నడుమ గోడ కట్టితే గోడకు దక్షిణాన ఇసుక పోగుపడుతుంది, ఉత్తరాన ఒడ్డు ఉపవాసం ఉంటుంది. 1880ల్లో గ్రాంట్ డఫ్ గవర్నరు మెరీనా విహారమార్గం వేయించాడు గదా. ఆ తరువాత మెరీనా ఇంత విశాలం కావడానికి ఈ పోగే కారణం. పట్నవాసులు సాయంకాలం శనగలు నములుతూ నడిచే ఆ ఇసుకలో కొంత న్యాయంగా రాయపురం, కాశిమేడు, తొండియార్‌పేటలకు చేరవలసినది. ఇక్కడ సముద్రం నూరేళ్ళలో వందల మీటర్లు లోపలికి వచ్చింది. మేడు అంటే మిట్ట. కాశిమేడుకు పేరులో మిట్ట ఉండి ఏం లాభం!

ఒడ్డు పోతే ఇళ్ళు పోతాయని ఎవరైనా చెప్పగలరు. బ్రతుకుతెరువు పోయేది ఎట్లాగో తెప్పను చూస్తేనే తెలుస్తుంది. తెప్ప అంటే తేలిక కొయ్య దుంగల కట్ట. నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది కనుక వేటనుండి రాగానే ఇసుకమీదికి లాగి, కట్లు విప్పి, దుంగలను ఎండబెట్టాలి. అలివివలకైతే మరీ పెద్ద జాగా కావాలి: పడవ వలను సముద్రంలో చుట్టి రాగా, రెండు కొసలూ పట్టుకుని రెండు జట్లు ఒడ్డున నిలిచి లాగుతాయి. చేపలు ఎండబెట్టడానికీ, వలలు బాగుచేసుకోవడానికీ, పిల్లలు ఆడుకోవడానికీ అదే ఇసుక. సముద్రాన్ని ఆపడానికి ప్రభుత్వం బండరాళ్ళు పోయించింది. ఇళ్ళు నిలిచాయి, నిజమే. కాని బండలమీదికి తెప్పను లాగేదెట్లా? ఈ శతాబ్దం మొదట్లో సముద్రంలోకి అడ్డంగా రాతికట్టలు వేశాక కొన్నిచోట్ల కాస్త ఇసుక తిరిగి నిలిచింది.

1980 దశకం వచ్చేసరికి కాశిమేడులో చేపలరేవు అమరింది. దాన్ని తక్కువ చేయరాదు. మరపడవలు మంచుగడ్డ నింపుకుని రోజుల తరబడి సముద్రంలో ఉండి వస్తాయి, తెల్లవారకముందే వేలం, గంపలతో స్త్రీలు, గంటలో లక్షల బేరం. ఆ పడవలమీద పనిచేసేవారిలో మన శ్రీకాకుళం వారు చాలామంది. 2020లో రాకపోకలు నిలిచిపోయినప్పుడు ఇక్కడినుండి కొందరు పడవమీదనే సొంత తీరాలు చేరుకున్నారు. అయితే ఒకప్పుడు ఇసుక ఉన్న ప్రతి కుప్పమూ ఒక రేవే. ఇప్పుడు అందరికీ ఇదొక్కటే.

ఇసుక ఉత్తరానికి నడుస్తుందన్నాను. ఈ పట్నంలో మసి కూడ అటే నడుస్తుంది. రేవులో దింపే బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి ఏళ్ళతరబడి రాయపురం, తొండియార్‌పేటల మీద పడింది. ఆరేసిన బట్టలు నల్లబడేవి. హైకోర్టు ఉత్తర్వుతో 2011లో ఆ సరుకులు ఆగిపోయాయి. మంచిదే, కాని బొగ్గు ఎక్కడికి పోయింది? ఎన్నూరుకు. అక్కడి కుప్పాల వారికి కరెంటు కర్మాగారాల బూడిద అంతకుముందే ఉన్నది. 2013లో తొండియార్‌పేట వీధుల్లో బోరునీళ్ళలో చమురు వచ్చింది. భూమిలోపలి గొట్టం కారిందని తేలింది.

ఒకేసారి లెక్క తప్పింది. 2017 జనవరి 28న ఎన్నూరు రేవు ఎదుట రెండు ఓడలు ఢీకొని నల్లనూనె కారినప్పుడు, అది ఈశాన్యపు గాలి కాలం కావడంచేత, నూనె దక్షిణానికి దిగి మెరీనా దాకా వచ్చింది. పట్నమంతా కదిలింది. యువకులు బకెట్లతో నూనె ఎత్తారు. కాశిమేడులో చేప కొనేవారు తగ్గారు. 2023 డిసెంబరు తుఫానులో మణలి వైపునుండి చమురు వరదనీటితో ఎన్నూరు పాయలో చేరి వలలనూ పడవలనూ పాడుచేసినప్పుడు దారి ఇచ్చింది బకింగ్‌హాం కాలువే. మన పూర్వులలో కొందరు కట్టెల పడవలమీద కూర్చుని వచ్చిన దారి!

ఉగాది దాటిన కొద్ది రోజులకు, ఏప్రిలు 15 నుండి జూన్ 14 దాకా తూర్పుతీరాన మరపడవలకు వేట నిషేధం. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలూ కాశిమేడు రేవులో పడవలు ఒరుసుకుంటూ నిలబడి రంగులు వేయించుకుంటాయి. శ్రీకాకుళం కుర్రవాళ్ళు మూటలు కట్టుకుని రైలెక్కుతారు. ఒడ్డున మిగిలినవారు బండల పక్కన కాస్త నీడ చూసుకుని వలలు అల్లుకుంటారు.