ఎవరు పంపారు?

రాజమండ్రిలో ప్లీడరు గుమాస్తాగా చేరిన కొత్తల్లో మా పెద్ద గుమాస్తాగారు నాకు నేర్పిన మొదటి ప్రశ్న ఇది. పార్టీ అరుగెక్కి కూర్చోగానే కేసేమిటని అడగకూడదు. ముందు ఏ ఊరో అడగాలి, తరవాత ఎవరు పంపారో. కరణంగారు పంపారంటే కాగితాలు వరసలో ఉంటాయి. పాత పార్టీ పంపాడంటే ఫీజు ఎగ్గొట్టడు. కోర్టు గేటు దగ్గర ఎవరో కలిసి తీసుకొచ్చాడంటే మాత్రం పెద్ద గుమాస్తాగారు పెన్ను మూత పెట్టేసేవారు. ఆ తీసుకొచ్చినవాడు సాయంత్రం ఫీజులో వాటాకి వస్తాడని ఆయనకు తెలుసు.

ప్లీడరును వెతుక్కోవడం మొదట్లో ఇంత తతంగం కాదు. కంపెనీ వాళ్లు 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కోర్టులు పెట్టినప్పుడు వకీళ్లను నియమించే పని కోర్టులదే. ఫీజూ సర్కారు కట్టిన లెక్కే, బేరం లేదు. 1846 చట్టం ఈ రెంటినీ మార్చేసింది. అర్హత ఉంటే ఏ దేశం వాడైనా, ఏ మతం వాడైనా ప్లీడరు కావచ్చు. ఫీజు సంగతి పార్టీ, ప్లీడరు తమలో తాము మాట్లాడుకోవచ్చు. మా అరుగుల మీద నడిచిన బేరాలన్నిటికీ మూలం అదే.

1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. బారిస్టరు, హైకోర్టు వకీలు, ఫస్ట్ గ్రేడ్ ప్లీడరు, సెకండ్ గ్రేడ్ ప్లీడరు అని అంతస్తులు ఏర్పడ్డాయి. ఎవరు ఏ కోర్టులో నోరు విప్పవచ్చో తెలియకపోతే పార్టీ డబ్బు గోదావరిపాలే. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మా ఊళ్లో మంచి ప్రాక్టీసున్న సెకండ్ గ్రేడ్ ప్లీడరు. అంత పేరున్నా హైకోర్టులో వాదించే అర్హత ఆయనకు లేదు. 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై తిరిగొచ్చి మద్రాసులో బోర్డు కట్టారు. మామూలు రైతు అప్పీలుకు పోవాలంటే చెన్నపట్నంలో ఎవరు మంచివారో అతనికేం తెలుసు? ఇక్కడి ప్లీడరే ఉత్తరం రాసిచ్చేవాడు. ఆ ఉత్తరం చొక్కా లోపలి జేబులో పెట్టుకుని రైలెక్కేవాళ్లు.

నిజాం రాజ్యంలో తంటా ఇంకో రకం. అక్కడ కోర్టు భాష ఉర్దూ. తెలుగు తప్ప తెలియని రైతుకు తన దావాలో ఏం రాశారో కూడా వకీలు చెబితేనే తెలియాలి.

ఈ అజ్ఞానం మీద బతికినవాళ్లే దళారులు. చట్టం వాళ్లను ‘టౌట్లు’ అంది. 1879 లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టానికి 1896లో సవరణ చేసి, దళారుల పేర్లతో జాబితా తయారుచేసి కోర్టు గోడకు తగిలించమన్నారు. జాబితాకెక్కినవాణ్ని కోర్టు ఆవరణలోకి రాకుండా వెళ్లగొట్టవచ్చు. గేటు బయట సోడాబండి దగ్గర నిలబడితే ఏం చేస్తారో చట్టం చెప్పలేదు లెండి. అంతకుముందే వీరేశలింగం పంతులుగారు ‘వ్యవహారధర్మబోధిని’ రాసి కోర్టుల్లోని అక్రమాలను దులిపేశారు. జనం దాన్ని ప్లీడరు నాటకమనే పిలిచారు. ‘కన్యాశుల్కం’లో గురజాడ సౌజన్యారావు పంతులు లాంటి పెద్దమనిషినీ పెట్టారు, ప్రైవేటు వకీలు నాయుణ్నీ పెట్టారు. రెండు రకాలూ మాకు రోజూ కనిపించేవాళ్లే.

పెద్ద గుమాస్తాగారు చెప్పిన ఎత్తు ఒకటుంది. డబ్బున్న ఆసామి దావా వేయబోయే ముందు, ఊళ్లో పేరున్న ప్లీడర్లందరి దగ్గరా వకాల్తాల మీద సంతకం పెట్టి తలా కాస్త ఫీజు ముట్టజెప్పేవాడట. వాదించేది ఒక్కడే. మిగతావాళ్లు అవతలి పక్షానికి దొరకకుండా ఉంటే చాలు. అవతలివాడు ఇల్లిల్లూ తిరిగి, చివరికి నిన్నగాక మొన్న పట్టా పుచ్చుకున్న కుర్రవాణ్ని పెట్టుకునేవాడు. ఆ కుర్రవాడికి వేరే పని ఉండదు గనక కాగితాలన్నీ తెల్లవార్లూ చదివేవాడు. అలా గెలిచిన కేసులు నేనూ చూశాను.

1961 అడ్వకేట్స్ చట్టంతో అంతస్తుల గొడవ తీరింది. కానీ లాయరు ప్రకటన ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. ప్రకటన లేనప్పుడు మంచి లాయరు సంగతి పార్టీకి ఎలా తెలియాలి? ఎవరో ఒకరు పంపాల్సిందే. దళారీని తరిమారు గానీ దళారీతో అవసరాన్ని తీర్చలేదు. నా లెక్కలో అసలు లోటు అది.

ఇన్నాళ్ల గుమాస్తాగిరీతో చెబుతున్నాను. లాయరు ఇంటికి వెళ్లేముందు ఆయన వాదించే కోర్టు హాల్లో ఓ పూట వెనక బెంచీ మీద కూర్చోండి. జడ్జిగారు అడిగినప్పుడు కట్ట విప్పకుండా తారీఖు చెప్పగలిగినవాడు చదివినవాడు. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. నచ్చకపోతే వకాల్తా మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని మీ కట్ట ఆపుకునే హక్కు లాయరుకు లేదని 2000లో సుప్రీంకోర్టే తేల్చింది. ఇక ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు ఎవరి సిఫార్సూ వెతుక్కోనక్కర్లేదు. 1987 చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా వాళ్లకు ఉచితంగా లాయరును పెట్టాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి అర్జీ ఇవ్వండి, లేదా 15100కి ఫోను చేయండి.