సేన్ నదీతీరమున సింహహృదయుని దుర్గము

ఫ్రాన్సు దేశమున నార్మండీ సీమయందు, సేన్ నది రువా నగరాభిముఖముగా సాగుచు పెద్ద వంపు తిరుగుచోట, సుద్దరాతి కొండకొమ్ముపై నేటికిని శిథిలావస్థలో నిలిచియున్న షాతో గయ్యార్ దుర్గము 1196వ సంవత్సరమున ప్రారంభింపబడి 1198 నాటికే చాలవరకు ముగిసినదనగా, అట్టి కోటలకు పదేండ్లు పట్టుట వాడుకయైన ఆ కాలమును ఎరిగినవారికి ఆశ్చర్యము కలుగకపోదు. ఇంగ్లండు రాజును నార్మండీ ప్రభువునునైన రిచర్డు, సింహహృదయుడని లోకము కీర్తించినవాడు, క్రూసేడు యుద్ధమునుండి మరలివచ్చుచు చెరపడియున్న కాలమున ఫ్రాన్సు రాజైన ఫిలిప్ ఆగస్టస్ ఆయన సరిహద్దు కోటలను, ముఖ్యముగా జిజోర్ దుర్గమును, కైవసము చేసికొనెను. ఆ లోటును పూరించి, రువా నగరమునకు పోవు నదీమార్గమును కాపాడుటయే ఈ నూతన దుర్గమునకు ప్రయోజనము.

అయితే ఆ స్థలము రిచర్డుది కాదు. అది రువా ఆర్చిబిషప్పు వాల్టర్ యొక్క ఆస్తి. పైగా రిచర్డు ఫిలిప్‌తో చేసికొన్న 1196 సంధిపత్రము అచ్చట కోట కట్టరాదని స్పష్టముగా నిషేధించియుండెను. రాజు రెండింటిని లక్ష్యపెట్టకపోగా, ఆర్చిబిషప్పు నార్మండీ అంతటను మతకర్మలను నిలిపివేసెను. అంత్యక్రియలు జరుగక శవములు వీధులలో పడియుండెనని ఆనాటి చరిత్రకారుడు వ్రాసెను. తుదకు 1197లో రిచర్డు దియెప్ రేవును మరికొన్ని భూములను ఇచ్చి రాజీపడెను. రెండేండ్లలో నిర్మాణమునకు వ్యయమైనది సుమారు 12,000 పౌనులు. తన పాలనాకాలమంతటను ఇంగ్లండు కోటలన్నింటిపై ఆయన వెచ్చించినది ఏడువేలకు మించదని అంచనా. లెక్కల చిట్టాలలో రాళ్లు చెక్కినవారి కూలి, గనులు తవ్వినవారి కూలి, నీళ్లు మోసినవారి కూలి కానవచ్చును గాని, వాస్తుశిల్పి పేరు మాత్రము లేదు. రాజే స్వయముగా రూపకల్పన చేసెనని పెక్కుమంది పండితులు తలచుటకు ఇదియు నొక కారణము.

దుర్గము మూడు ఆవరణములుగా నున్నది. నడుమ కొండరాతినే తొలిచిన నీరులేని లోతైన అగడ్తలు గలవు. శత్రువు రాదగిన దిక్కు కొండ వెనుకటి మెట్టనేల ఒక్కటే గాన, వెలుపలి ఆవరణమును ఆ వైపునకే నిలిపిరి. లోపలి ప్రాకారము మిగుల విశిష్టమైనది: చదునైన గోడకు బదులు, అర్ధవృత్తములు ఒకదానినానుకొని ఒకటి వెలికి ఉబ్బినట్లు కట్టిరి. యంత్రములు విసరు రాళ్లు తిన్నగా తగులక పక్కకు జారిపోవుటకును, గోడ మొదట శత్రువు దాగు చోటు లేకుండుటకును ఇది ఉపాయము. అందులోని ప్రధాన బురుజు దాడి వచ్చు దిక్కున నావ ముక్కువలె కొనదేరియుండును. దానిని ఆనుకొనియున్న దిమ్మెలు పైకిపోవుకొలది వెడల్పై కమానులను మోసెడివి. ఆ కమానుల వెనుకటి సందులగుండ క్రిందివారిపై రాళ్లు జారవిడువవచ్చును. పశ్చిమ ఐరోపాలో ఈ పద్ధతికి ఇది తొలి నిదర్శనములలో ఒకటి.

1199 ఏప్రిలులో రిచర్డు బాణపుదెబ్బతో మరణింపగా తమ్ముడు జాన్ రాజయ్యెను. 1203లో ఫిలిప్ కోటను ముట్టడించెను. ముట్టడిని విడిపింప జాన్ పక్షమున విలియం మార్షల్ సేనలు నేలపైనుండియు పడవలు నదిపైనుండియు రాత్రివేళ ఒక్కసారిగా తాకవలెనని పన్నిన వ్యూహము, ఏటి వడికి పడవలు వెనుకబడగా, విఫలమయ్యెను. కోటనాయకుడు రోజర్ డి లేసీ, ఆహారము తరిగిపోవునను భయముతో, లోనికి శరణు వచ్చిన గ్రామస్థులను వెలుపలికి పంపివేసెను. మొదటివారిని ఫ్రెంచివారు పోనిచ్చిరి; పిదప వచ్చిన వందలకొలది జనమును పోనీయరైరి, కోటవారు తలుపులు తెరువరైరి. ఆ వృద్ధులు, స్త్రీలు, శిశువులు రెండు సేనల నడుమ, చలికాలమున, గడ్డి తిని బ్రతుకుచు చచ్చుచు నుండిరి. ఫిలిప్ జాలిగొని విడిచిపెట్టునాటికి పెక్కుమంది గతించిరి. కోటను వర్ణించు గ్రంథములు కమానులను గూర్చి పుటలు నింపి, ఈ జనులను రెండు వాక్యములలో దాటించుట నాకు అన్యాయముగా తోచును.

పిమ్మట దుర్గము ఒక్కొక్క ఆవరణముగా పడిపోయెను. సొరంగము తవ్వి వెలుపలి బురుజును కూల్చిరి. నడిమి ఆవరణములో జాన్ కట్టించిన ప్రార్థనామందిరపు కిటికీగుండ కొందరు లోన దూరిరి; అన్న యోచించిన రక్షణను తమ్ముని చేర్పు చెరిచినది. లోపలి ద్వారమునెదుట అగడ్తపై వంతెనగా తొలువక విడిచిన రాయి, తవ్వెడివారికి మరుగై సాయపడినది. 1204 మార్చి 6న, ఘనమైన ఆ ప్రధాన బురుజులో చేరి పోరాడు అవకాశము లేకయే, కాపువారు లొంగిపోయిరి. జూన్ 24న రువా నగరము, దానితో నార్మండీ, ఫ్రాన్సు వశమయ్యెను. లోపము శిల్పములో కొంత ఉన్నను, అధికభాగము సాయము చేయలేక ఇంగ్లండునకు మరలిపోయిన జాన్‌దే.

1599లో ఫ్రాన్సు రాజు నాలుగవ హెన్రీ దుర్గము కూల్చివేతకు ఆజ్ఞ ఇచ్చెను. రాళ్లు కొన్ని సన్యాసుల మఠములకు పోయెను. మిగిలిన శిథిలములను 1862లో ఫ్రెంచి ప్రభుత్వము చారిత్రక స్మారకముగా ప్రకటించెను.